తెనాలి జంక్షనులో వ్యూహరచన

మా ప్రాంతమున ఫుట్‌బాల్ ఆడువారు తక్కువ. ఆ ఆటను గూర్చి వాదించువారు ఇంకను తక్కువ. ఆ తక్కువ మందిలో మేము ముగ్గురము ఉన్నాము. ఒకరిది తెనాలి, ఒకరిది బాపట్ల, ఒకరిది రేపల్లె. ముగ్గురమును పాఠములు చెప్పుకొని బ్రదుకువారమే. తెనాలి వారు తెలుగు, బాపట్ల వారు వృక్షశాస్త్రము, రేపల్లె వారు లెక్కలు. నాగార్జున విశ్వవిద్యాలయములో చదువుకొను రోజులలో, 2010 దక్షిణాఫ్రికా ప్రపంచకప్పు నాడు, హాస్టలు టి.వి. ముందర కుదిరిన స్నేహము మాది. తరువాత పెండ్లిండ్లయినవి, పిల్లలు పుట్టినారు, జుట్టు కొంత పలుచబడినది. వాదములు మాత్రము పలుచబడలేదు.

మా డెల్టాలో ఈ ఆట ఏల వేళ్ళూనలేదని ఎవరైన అడిగినచో బాపట్ల మిత్రుడు పంటలతో మొదలుపెట్టును. 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు గదా, అక్కడి గాలి పీల్చినవారికి ఆ అలవాటు అబ్బునేమో! ఇతర సీమలలో కోతలైన పిమ్మట పొలము పిల్లలకు మైదానమగును. కృష్ణా డెల్టాలో అట్లు కాదు. కోతకు మూడు నాలుగు దినముల ముందే, నిలిచియున్న వరిలో మినుమో పెసరో చల్లుదురు. పనలెత్తు వేళకు అడుగున మొలకలు కనిపించును. ఖాళీ నేల అనునది లేనే లేదు. ఆ పైన లెక్క రేపల్లె మిత్రునిది. వాలీబాలుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలును, కాలువగట్టున నాలుగు కొబ్బరిచెట్ల నడుమ ఇమిడిపోవును. ఫుట్‌బాలుకు దాదాపు నూరు మీటర్ల పొడవు కావలెను. నూరు మీటర్ల నేలను పంట లేకుండ వదలు రైతు మా వైపు ఇంకను పుట్టలేదు. సూర్యలంక సముద్రపుటొడ్డున ఆదివారములు పిల్లలు బంతి తన్నుకొనుట మేము చూచియున్నాము. గోలుపోస్టులకు మారుగా అక్కడ రెండు జతల చెప్పులుండును. అల వచ్చి ఒక గోలుపోస్టును తీసికొనిపోయినప్పుడు ఆట కొంతసేపు ఆగును.

అందుచేత మా ఆట అంతయు నోటితోనే. రేపల్లె మిత్రునిది అర్జెంటీనా పక్షము. అది పిత్రార్జితము. 1986లో మారడోనా ఇంగ్లండు మీద వేసిన రెండు గోల్సు కథను తండ్రి ఆయనకు అన్నము తినిపించుచు చెప్పినారట. తెనాలి మిత్రునిది ఫ్రాన్సు. 1998 ఫైనలులో జిదాన్ తలతో రెండుసార్లు బంతిని బ్రెజిల్ గోలులోనికి పంపిన నాటి నుండి ఆయన మారలేదు. బాపట్ల మిత్రునిది బ్రెజిల్. 2022 డిసెంబరు 9న బ్రెజిల్ పెనాల్టీలలో క్రొయేషియా చేత ఓడినది మొదలు ఆయన పెండ్లింట పెత్తనము లేని చుట్టము వలె తిరిగెను. అట్టి చుట్టము నోటనే తరచు పనికివచ్చు మాట వెలువడునని పెద్దలెరుగుదురు.

ఆ ఏడాది ఫైనలు డిసెంబరు 18, ఆదివారము. మన కాలమానము ప్రకారము రాత్రి ఎనిమిదిన్నరకు ఆట. ముగ్గురమును తెనాలిలో చూడవలెనని ముందే నిర్ణయమైనది. బాపట్ల నుండి మెయిన్ లైను మీద ఒకరు, రేపల్లె నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చు బ్రాంచి లైను బండిలో ఒకరు మధ్యాహ్నమునకే చేరినారు. ఇంటికి పోవుటకు ఎవరికిని తొందర లేదు. ప్లాట్‌ఫారము మీది రాతిబల్లపై కూర్చుండి రెండు రూపాయలు తక్కువ ఎక్కువలాడి వేరుశనగకాయలు కొన్నాము. కాయలు అర్జెంటీనా, ఒలిచిన గింజలు ఫ్రాన్సు. ఇరుపక్షములను బల్ల మీద మొహరించినాము. మాటల సందడిలో మాలో ఒకరు ఫ్రాన్సు హాఫ్‌బ్యాకును నోట వేసికొన్న సంగతి చాలసేపటికి గాని తెలియలేదు. నేరము ఎవరిదో నేటికిని తేలలేదు.

ఆనాటి ప్రశ్న ఒక్కటే. ఎంబాపెను ఎవరు ఆపవలెను?

“వెనుక ఐదుగురు ఉండాలి భాయ్. నెదర్లాండ్స్ మీద అలాగే ఆడారు కదా,” అని రేపల్లె మిత్రుడు.

“ఐదుగురిని పెట్టి ఏం లాభమైంది? రెండు సున్నా మీద ఉన్న ఆట రెండు రెండు అయింది. పెనాల్టీలలో గట్టెక్కారు. నాకేం, ఐదుగురినే పెట్టమను. ముందుకు వచ్చేవాళ్ళు తగ్గుతారు, మా పని సులువు,” అని తెనాలి మిత్రుడు.

బాపట్ల మిత్రుడు గింజలను సవరించుచు ఊరకున్నాడు. కొంతసేపటికి ఒక కాయను తీసి ఎడమ అంచున పెట్టినాడు. “ఎంబాపె సంగతి తరువాత. ముందు అటు చూడండి. ఫ్రాన్సుకు కుడి అంచున కాపు కాసేది కూండె. అతడు స్వతహాగా నడుమ నిలిచే మనిషి, అవసరానికి అంచుకు పంపారు. అతడి ముందు ఆడే డెంబెలెకి గోలు మీదికి పోవడం తెలుసు, వెనక్కి వచ్చి కాపలా కాయడం అంతగా తెలియదు. డి మరియాను అక్కడికి పంపితే ఆ ఇద్దరికీ ఊపిరి ఆడదు.”

“డి మరియానా? నాకౌటులో దాదాపు ఆడనే లేదు. గాయం. పైగా ముప్పై నాలుగేళ్ళు,” అన్నాడు రేపల్లె మిత్రుడు.

“మన ఈడువాడే,” అన్నాడు బాపట్ల మిత్రుడు. ఆ మాటతో ముగ్గురమును ఒక్క క్షణము మా పొట్టల వంక చూచుకొన్నాము.

తెలుగు చెప్పువారికి ఇందులో గమనింపదగిన విశేషము ఒకటి కలదు. వాదము అంతయు తెలుగులో సాగినది. గోలు, పెనాల్టీ వంటి మాటలను ఎవ్వరును అనువదింప బూనలేదు, ఆ అవసరమును లేదు. అంచు, కాపు, ఉచ్చు, ఎర వంటి మాటలు మాత్రము ఎవరును పిలువకయే వచ్చి చేరినవి. ఆఫ్‌సైడు ఉచ్చు ఎట్లు పన్నుదురో మా ఇంటర్ విద్యార్థి ఒకడు ఒకమారు ఇట్లు చెప్పినాడు: “గొళ్ళెం వేసినట్టు సార్, నలుగురూ ఒక్కసారే కదలాలి. ఒకడు ఆలస్యమైతే తలుపు తెరిచినట్టే.” తరగతిలో పద్యమునకు తాత్పర్యము అడిగినప్పుడు తల వంచుకొను పిల్లవాడతడు. ఆ నాటి నుండి అతని తలను పైకెత్తించుటకు ఏ దారిన పోవలెనో మాకు కొంత తెలిసినది.

ప్రక్కబల్ల మీద ఒక పెద్దాయన మా రణరంగమును చూచుచున్నారు. రైల్వేలో గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారట. చిన్నతనము సికింద్రాబాదు దగ్గర లాలాగూడ రైల్వే క్వార్టర్సులో గడచినదట. డి మరియా కాయ కుడి నుండి ఎడమకు, ఎడమ నుండి కుడికి నాలుగైదు మారులు ప్రయాణము చేసిన పిమ్మట ఆయన ఇక ఓర్వలేక, “ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మార్చడానికే ఇంత ఆలోచన అయితే ఎట్లా మాస్టారూ? రహీం సాబ్ వెనుక నిలిచే జర్నైల్ సింగును తీసుకుపోయి ముందు నిలబెట్టారు. అదీ తలకు కుట్లతో!” అన్నారు.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మాకు తెలియనిది కాదు. అయినను ఆ పెద్దాయన నోట వినుట వేరు. రహీం 1909లో హైదరాబాదులో పుట్టినారు. వృత్తిచేత బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మారులు రోవర్స్ కప్పు గెలిచినది. భారత జట్టునకు ఆయన శిక్షకులుగా ఉండగా 1952 హెల్సింకి ఒలింపిక్సులో మనవారు, చాలమంది బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియా చేత 10–1తో ఓడినారు. అంతటి పరాభవమునకు ఒక మనిషి ఏమి చేయును? కొందరు అదృష్టమును నిందింతురు. రహీం ఆటనే మార్చినారు. బూట్లు వచ్చినవి. నడుమ ఫార్వర్డును కొంచెము వెనుకకు దింపి, అతని వెంట ప్రత్యర్థి డిఫెండరు కదలిరాగా ఏర్పడు ఖాళీలోనికి ఇతరులను దూర్చుట అను ఎత్తుగడ వచ్చినది. 1953లో హంగరీవారు ఆ ఎత్తుతోనే వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో కూల్చినారు. 1956 మెల్‌బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచినారు.

పెద్దాయన చెప్పినది 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి. మొదటి ఆటలోనే కొరియా చేత 2–0తో ఓటమి. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగు తల పగిలినది. గట్టి స్టాపరు, వెనుక కోటగోడ వంటివాడు. కుట్లు పడిన తలతో ఆయనను వెనుక నిలిపినచో ప్రతి ఎత్తుబంతికిని ప్రమాదమే, బయట కూర్చుండబెట్టినచో జట్టునకు బలము పోవును. రహీం ఆయనను సెమీఫైనలులోను ఫైనలులోను సెంటర్ ఫార్వర్డును చేసినారు. సెప్టెంబరు 4న ఫైనలు. ఎదుట మరల కొరియా, చుట్టును మనవారి మీద కోపముతో హోరెత్తు జనసముద్రము. ఇరువది నిమిషములలో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు వేసినారు. చివరలో కొరియా ఒకటి వేయగలిగినది. 2–1. శిక్షకునకు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసినారు. 2024లో ‘మైదాన్’ అను హిందీ చిత్రము వచ్చిన పిమ్మట మా విద్యార్థులలో కొందరికి ఈ పేరు పరిచయమైనది గాని, అంతకు రెండేళ్ళ ముందు తెనాలి ప్లాట్‌ఫారము మీద ఈ కథను చెప్పగలిగినవారు ఆ పెద్దాయన ఒక్కరే.

“మెల్‌బోర్నులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా?” అని ఆయన వ్రేళ్ళు ముడిచినారు. “నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, తంగరాజ్...” అందరును జంటనగరముల సీమలో పెరిగినవారే. పేర్లను ఆయన ఒకే ఊపిరిలో, ఒకే గొంతుతో చెప్పినారు.

మనవాళ్ళు అను ఆ మాట మా ముగ్గురిని కొంతసేపు మౌనులను చేసినది. కారణము చెప్పవలెను. ఆ నెలరోజులు మేము ఎక్కువగా విన్నమాట ‘మీవాళ్ళు’. నవంబరు 22న సౌదీ అరేబియా 2–1తో అర్జెంటీనాను ఓడించినది. మొదటి సగములోనే అర్జెంటీనా వేసిన మూడు గోల్సు ఆఫ్‌సైడని కొట్టివేయబడినవి. పైన చెప్పిన గొళ్ళెము అంత చక్కగా పడినది! మరునాడు రేపల్లె మిత్రుడు, పిత్రార్జితమైన దుఃఖముతో, రాత్రి నిద్ర లేని కన్నులతో ఉద్యోగమునకు పోగా, సహోద్యోగి ఒకరు ఎదురువచ్చి చేయి కలిపి, “మీవాళ్ళు అదరగొట్టేశారుగా!” అన్నారట. అన్నవారిలో చెడ్డతనము లేదు, నవ్వు నిజమైనదే. తండ్రి నాటి నుండి తనవాడనుకొన్న మెస్సీ ఓడిపోయినందుకు పరామర్శింపవలసిన వేళ, ఎన్నడును చూడని దేశము గెలిచినందుకు అభినందన! మిత్రుడు “థాంక్స్” అని ఊరకున్నాడు. వివరించుటకు పూనుకొన్నచో సంజాయిషీ వలె ఉండునని ఆయన భయము.

మరి మొరాకో సంగతి? సత్యము దాచరాదు. డిసెంబరు 10న మొరాకో పోర్చుగల్‌ను 1–0తో ఓడించి, ఆఫ్రికా నుండి సెమీఫైనలు చేరిన మొదటి దేశమైనప్పుడు మేము ముగ్గురమును ఎగిరి గంతులు వేసినాము. అంతవరకు వారి గోలులో పడినది ఒక్క బంతి, అదియు తమవాడే పొరపాటున కొట్టుకొన్నది. ఎదుటివారు స్పెయినైనను పోర్చుగల్ అయినను సైంధవుని వలె ద్వారము వద్ద నిలిచిన ఆ రక్షణపంక్తిని చూచి గంతులు వేయుటకు ఏ మతమైన నేమి? అయినను, ఆటగాడొకడు గెలిచిన పిమ్మట తల్లితో మైదానములో చిందులు వేయుచుండగా, ఆమె తలమీది ముసుగు మా అమ్మల ముసుగు వలెనే ఉండుట కూడ మేము చూచినాము. మా సంతోషములో వ్యూహము పాలెంత, ఆ ముసుగు పాలెంత అని తూచు త్రాసు మా వద్ద లేదు. ఇరుగుపొరుగువారు కొలువబూనినచో మాత్రము మా ఒళ్ళు ముడుచుకొనును. ఎవరి మనసులోనైన నాలుగైదు ‘మనవాళ్ళు’ ఒకేసారి కాపురముండుట వింత యేమి?

ఇక ఆట. ఏడున్నర ప్రాంతమున జట్లను ప్రకటించినారు. అర్జెంటీనా వెనుక నలుగురు. డి మరియా ఎడమ అంచున! బాపట్ల మిత్రుని ముఖము అప్పుడు చూడవలసినది. ఇరువది మూడవ నిమిషమున డెంబెలె డి మరియాను పడవేయగా పెనాల్టీ, మెస్సీ గోలు. ముప్పది ఆరవ నిమిషమున డి మరియాయే గోలు వేసి కన్నీరు పెట్టుకొన్నాడు. సగము ఆట కాకముందే ఫ్రాన్సు శిక్షకుడు దెషాం డెంబెలెను, జిరూను బయటకు పిలిచినాడు. తెనాలి మిత్రుడు దిండు మీద ముఖము పెట్టుకొన్నాడు. అరువది నాలుగవ నిమిషమున డి మరియాను తీసివేసినారు. “ఎందుకు తీస్తున్నారు!” అని ఆ అభ్యంతరము చెప్పినవాడు మన రేపల్లె మిత్రుడే. ఎనుబదవ నిమిషము నుండి ఎంబాపె రెండు నిమిషములలో రెండు వేసినాడు. దిండు మారి రేపల్లె మిత్రుని ముఖము మీదికి వచ్చినది. తరువాతి కథ లోకమెరుగును. 3–3, పిమ్మట పెనాల్టీలలో 4–2, అర్జెంటీనా. ఎంబాపెను ఎవరు ఆపవలెనను మా ప్రశ్నకు జవాబు ఎవ్వరికిని దొరకలేదు. ఫైనలులో మూడు గోల్సు వేసియు ఓడిపోయినవాని వంక చూచి అర్జెంటీనా పక్షము వారు కూడ ఆ రాత్రి గట్టిగా నవ్వలేకపోయినారు.

రెండు నెలలు గడచినవి. 2023 ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరామ్ కలకత్తాలో కన్నుమూసినట్లు వార్త వచ్చినది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టి, ఇరువది ఏండ్లకు మెల్‌బోర్నులోను, ఆరేండ్ల తరువాత జకార్తాలోను ఆడి, 1963లో అనారోగ్యము వలన ఆట విడిచిన మనిషి. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి ముందే పోయినారు, ఆ ముగ్గురిలో మిగిలినది ఆయనే. ఆ రాత్రి మేము ముగ్గురమును ఫోనులో మాటాడుకొన్నాము. మొదట కొంతసేపు విచారమే. పిమ్మట ఎవరో అన్నారు, బలరామును ఎడమ అంచున ఆడించుట మేలా, కొంచెము వెనుకకు దింపి నడుమ ఆడించుట మేలా అని. తేలలేదు. గార్డు గారి నంబరు మా వద్ద ఉండగా ఆయనను కూడ కలిపినాము. పెద్దాయన దగ్గు ఆపుకొని, “అంచునే బాబూ, అంచునే. నేను కళ్ళారా చూశాను,” అన్నారు. తెనాలి మిత్రుడు ఒప్పుకొనలేదు.