పానా కూడా పట్టాలి

మా గూడెంలో ట్రాక్టరు నడిపే పిల్లలు చాలామంది. పానా పట్టేవాళ్లు తక్కువ. నాట్లప్పుడు బండి ఆగితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మెకానిక్కులకు తీరిక ఉండదు. ఇక్కడ కరిగెట ఆగుతుంది, నారు ముదురుతుంది.

మా తమ్ముని పాత బండి ఒకసారి డీజిల్ అయిపోయి ఆగింది. మళ్లీ పోసినా స్టార్టు కాలేదు. పైపుల్లో గాలి చేరింది. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి చేతి పంపు కొట్టాం. నురగ పోయి డీజిల్ ధార రాగానే బిగించాం. ఇంజను అందుకుంది.

ఇంజను ఆయిల్ 250 గంటలకోసారి మార్చాలని ఆ బండి పుస్తకంలో ఉంది. మీటరు 5,480 దగ్గర మారిస్తే మళ్లీ ఎప్పుడు? నా అయిదో తరగతి పిల్లలు 5,730 అని చెప్తారు. ఆ అంకెను మడ్‌గార్డు మీద రంగుతో రాయండి. లెక్క వచ్చిన పిల్లలున్న ఇంట్లో మాడిన ఆయిల్‌తో ఇంజను అరగకూడదు.