ఏరంటే నీళ్ళు

బడి నుంచి రాగానే "ఇవాళ ఏం చెప్పార్రా?" అని అడిగే అమ్మ మనలో చాలామందికి గుర్తే. అమ్మ అడిగే భాషా, పంతులుగారు చెప్పే భాషా ఒకటే కావడం ఎంత భాగ్యమో మనకెన్నడూ తోచి ఉండదు. భద్రాచలం దాటి అడవి అంచున, ఒక కోయగూడెం బడిలో రోజంతా కూర్చున్నాక నాకు తోచింది.

ఒకటే గది, ఒకరే మేష్టారు, ఐదు తరగతులు. మూడో తరగతి వాళ్ళకు లెక్కలిచ్చి, ఆయన ఒకటో తరగతి వరుస దగ్గరికి వచ్చారు. వాచకంలో కుండ బొమ్మ, కుండలో నీళ్ళు.

"ఇందులో ఏమున్నయమ్మా?"

"ఏరు!" అన్నదొక పిల్ల.

ఏరంటే మనకు వాగు. పుస్తకం ప్రకారం ఆ జవాబు తప్పు. కాని కోయభాషలో ఏరంటే నీళ్ళే. ఇంటిని వాళ్ళు "లోను" అంటారు. మన "లోన"కు అది దగ్గరి చుట్టం. రెండూ ద్రావిడ భాషలే మరి. చుట్టరికం ఉన్నచోటే చిక్కూ ఉంది: మాట ఒకటే, అర్థం వేరు. ఒకసారి "తప్పు" అనిపించుకున్న పసిది మళ్ళీ నోరు విప్పదు. ఆ మౌనానికి మనం మొద్దుతనమని పేరు పెడతాం. నాలుగేళ్ళు తిరిగేసరికి హాజరుపట్టీలో ఆ పేరే ఉండదు.

మేష్టారు తప్పనలేదు. "ఔనమ్మా, మీ ఇంట్లో ఏరు, పుస్తకంలో నీళ్ళు" అని తెలుగు అక్షరాలతోనే రెండు మాటలూ పక్కపక్కన రాశారు. ఇక చూడాలి, ప్రతి బొమ్మకూ రెండేసి పేర్లు చెప్పడానికి పిల్లలు పోటీలు పడ్డారు.

"ఈ భాష ఎక్కడ నేర్చారండీ?" అని అడిగాను.

"వీళ్ళ దగ్గరేనండీ. మధ్యాహ్నం భోజనాలప్పుడు వీళ్ళు పంతుళ్ళు, నేను శిష్యుణ్ణి" అన్నారాయన.

సాయంత్రం ఇంటిపని ఇచ్చే వేళయింది. పట్నంలో ఇంటిపని సగం తల్లిదండ్రులదే. ఇక్కడ ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. అలిసి వచ్చినవాళ్ళలో ఆ పుస్తకం చదవగలవారెవరు? అలాంటి చోట ఇంటిపనితో మనం పరీక్షించేది పిల్లను కాదు, ఆ ఇంటిని. మేష్టారి ఇంటిపని వేరు: "మీ తాతనడిగి ఐదు చెట్ల పేర్లు తెలుసుకు రండి. రేపిక్కడ రాద్దాం." అక్షరం రాని తాత కూడా ఆ రాత్రికి గురువే.

"కోయ ఇంట్లో ఎట్లాగూ వస్తది, బడిలో తెలుగు చెప్పండి సారూ" అనే తండ్రులున్నారు. వారి మాటా కొట్టివేయదగింది కాదు. సంతలో, ఆఫీసులో, ఆసుపత్రిలో తెలుగు లేకపోతే మోసపోయేది వాళ్ళే. అయితే నిచ్చెన ఎంత ఎత్తుకు వేసినా మొదటి మెట్టు పిల్లకాలికి అందాలి గదా!

చట్టాలకు కొదవలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయాలుండాలని 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టమూ మాతృభాషే అన్నది, కాని "సాధ్యమైనంత వరకు" అన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వేశారు. మంచిదే. కాని వాచకం నోరు విప్పి పలకరించదు. ఆ "సాధ్యమైనంత" ఎంతో తేల్చేది చివరికి నల్లబల్ల దగ్గర నిలబడే మనిషే.

గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమంటూ జరుపుకొంటాం, వ్యావహారిక భాష గెలిచిందని ఉపన్యాసాలిస్తాం. పర్లాకిమిడిలో ఉన్నప్పుడు ఆ మహానుభావుడు సవర భాష నేర్చి, సవర పిల్లలకు బళ్ళు పెట్టి, వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశాడు. నోటి మాటకు విలువ ఉండాలని ఆయన మన కోసం ఒక్కరి కోసమే పోరాడలేదు. తెలుగు పాఠం చెప్పి బతికేవాళ్ళం, ఆ సంగతి మేమైనా మరవకూడదు.