గాలివానకు నిలిచే గుడ్డ

లోకం కుప్పకూలిన నాడు ఒంటి మీద ఏ బట్ట ఉండాలన్న ప్రశ్న మీద అమెరికాలో పుస్తకాలు వస్తాయి, అందుకోసమే దుకాణాలు నడుస్తాయి. బరువైన బూట్లు, మిలిటరీ మచ్చల కోటు, ఒంటినిండా జేబులు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ ప్రశ్న ఊహ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య 165 దాకా విసురు. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు అది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస చెట్లు రోడ్లకు అడ్డం పడ్డాయి. కరెంటు, ఫోను, ఏటీఎం, కుళాయి అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు చాలా పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వ్యవస్థ అనేది లేకుండా బతకడమంటే ఏమిటో మన జిల్లా అప్పుడే చూసింది.

అలాంటి రోజుల్లో ఒంటి మీది బట్టకు మూడు పరీక్షలు. తడిసి ఆరాలి. నిప్పు దగ్గర నమ్మదగ్గదై ఉండాలి. కట్టుకోవడానికే కాక ఇంకో పదిటికి పనికిరావాలి. ఈ మూడింటినీ కలిపి చూస్తే నా ఓటు పాత నూలు చీరకీ, లుంగీకీ, తువ్వాలుకీ.

పాతది అని ఊరికే అనలేదు. తుఫాను పోయాక మొదటి కరువు మంచినీటికే. మోటార్లు ఆడవు, బావుల్లో ఆకు అలమూ కుళ్లుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కాల్‌వెల్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. చీర గుడ్డను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్లు వడకట్టిన ఊళ్లలో కలరా దాదాపు 48 శాతం తగ్గింది. కలరా క్రిమి నీటిలోని కంటికి ఆనని చిన్న జీవాలను అంటుకుని ఉంటుంది. ఉతికి ఉతికి నలిగిన నూలు పోగు ఉబ్బి, కన్నాలు చిన్నవైపోతాయి కాబట్టి ఆ జీవాలు గుడ్డలోనే ఆగిపోతాయి. అందుకే కొత్త చీర కంటే పాతదే మేలు. నీళ్లు కాచుకునే వీలుంటే కాచుకోవాల్సిందే. కట్టెలన్నీ తడిసి ఉన్న పూట మాత్రం నాలుగు మడతల పాత కోక ప్రాణం కాపాడగలదు. ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు మూలం ఏమిటో ఇంకా తేలలేదు గానీ, నీళ్ల విషయంలో ఇక్కడివాళ్లు ఏమరకూడదు.

చీరతో అయ్యే పనులు అంతటితో ఆగవు. దూలానికి కడితే పసిపిల్లకు ఉయ్యాల. రెండు కర్రలకు కడితే రోగికి డోలీ. మహేంద్రగిరి దిగువన సవర గూడేల్లో రోడ్డు లేని చోట మనుషుల్ని ఆసుపత్రికి మోసుకొచ్చేది అలాగే. చించితే కట్టు, నెలసరికి గుడ్డ. మందస వైపు ఒక పెద్దమ్మ అన్న మాట నాకు మరుపు రాదు: "పట్టు కోక పెట్టిలో ఉంటే ఏటి లాభం బాబూ, తడిసిన పిల్లని చుట్టడానికి పాత నూలుకోక ఉండాల గానీ." తువ్వాలు సంగతి మగవాళ్లకు చెప్పనక్కర్లేదు. తలకు చుడితే ఎండకు అడ్డు, నడుముకు బిగిస్తే బరువెత్తడానికి దన్ను, చుట్ట చుడితే బిందె కింద కుదురు.

నిప్పు మాట మరీ ముఖ్యం. గ్యాసు బండి రాదు కాబట్టి పడిపోయిన కొబ్బరి మట్టలతో మూడు రాళ్ల పొయ్యి మీదే వంట. ఇప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు కట్టుకునే చీరల్లో, నైటీల్లో పాలిస్టర్ ఎక్కువ. నూలు కూడా కాలుతుంది, కానీ పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది, పుండు లోతుగా పడుతుంది. డాక్టరు అందని రోజుల్లో ఆ తేడా చిన్నది కాదు. పొయ్యి దగ్గరికి నూలు బట్టతోనే వెళ్లాలని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి.

అయితే నూలును గుడ్డిగా పొగడను. వానలో తడిసిన నూలు నీళ్లు పట్టుకుని ఒంటి వేడిని లాగేస్తుంది. కొండలెక్కేవాళ్లు అందుకే దాన్ని దూరం పెడతారు. తుఫాను రాత్రి ఈదురుగాలిలో తడి లుంగీతో వణికే ముసలివాళ్లకు అది కీడే చేస్తుంది. వానలో ఉన్నంతసేపూ పైన గాలీ నీరూ చొరని పొర ఒకటి ఉండాలి. రెయిన్ కోటు లేనివాళ్లకు మన రైతులు చూపిన దారి ఉంది. యూరియా సంచి అడుగు మూలను లోపలికి మడిచి తలకు తగిలించుకుంటే వీపు దాకా కొప్పెర. లోపలికి వచ్చాక కట్టుకోవడానికి పొడి బట్ట జత ఒకటి పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఉండాలి. తడి బట్టతో రెండు రోజులుంటే గజ్జలు ఒరుసుకుపోతాయి, కాలివేళ్ల సందులు పాస్తాయి. ఆ పాసిన చోటు నుంచి మురుగునీటిలోని ఎలుక జ్వరం క్రిమి ఒంట్లోకి దూరుతుంది.

కాబట్టి పాదాలను కాచుకోవాలి. గాలి ఆగాక మనుషుల్ని గాయపరిచేవి ఎగిరిపడ్డ రేకులూ, మేకులూ, పెంకులూ. హవాయి చెప్పు బురదలో ఊడిపోతుంది, బరువైన బూటు నీళ్లతో నిండి ఆరదు. మడమ వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పు మన నేలకు సరిగ్గా సరిపోతుంది. చెట్లు నరికే వాళ్లు మాత్రం బూటు తొడుక్కోవాలి, ఎంత ఉక్కగా ఉన్నా నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకు ఇది ఎవరూ నేర్పలేదు. పెంకులోని నూనె పడితే చర్మం బొబ్బలెక్కుతుంది కనుక, చీర మీద ఇంటాయన పాత చొక్కా వేసుకుని కూర్చుంటారు. ఏ ఫ్యాషన్ పత్రికా పట్టించుకోని ఆ జోడింపు నిజానికి గొప్ప పనిబట్ట.

మిలిటరీ మచ్చల చొక్కా మాత్రం మన దగ్గర ఎవరూ కొనవద్దు. కూలిన తోటల్లో చిక్కుకున్న మనిషి వెతికేవాళ్లకు కనబడాలి. ఎర్రదో, పసుపుదో నయం.

ఇక కుట్టు సంగతి. ఎలాస్టిక్ ఏడాదికి సాగిపోతుంది, బొందు తెగితే ఇంకోటి పేనుకోవచ్చు. జిప్పు పాడైతే ప్యాంటే పోయినట్టు, గుండీ ఊడితే సూదీ దారం చాలు. అసలు కుట్టే లేని లుంగీ, చీర ఏ ఒంటికైనా సరిపోతాయి. లంగాకు లోపలి జేబు ఒకటి కుట్టుకుంటే ఆధార్ కార్డూ, నాలుగు నోట్లూ, మాత్రలూ భద్రం. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు ఆ జేబు విలువ తెలుస్తుంది.

మన జిల్లాలోనే పొందూరు ఉంది. కొండపత్తి, ఎర్రపత్తి గింజ నుంచి వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసే ఊరది. కరెంటు లేకుండా బట్ట పుట్టించగల చేతులు దేశంలో ఇంకా ఎన్ని చోట్ల ఉన్నాయి? ఆ నేత సన్ననిది, ఖరీదైనది, తుఫాను మూటలో పెట్టుకునేది కాదు. ఆ విద్య మాత్రం నిలవాలి. అందుకు రాట్నం పట్టిన ఆడవాళ్లకు కూలి గిట్టాలి.

చివరగా సాయం చేసే చేతులకు ఒక విన్నపం. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన పాత బట్టలు ఎవరూ తీసుకోక రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. అన్నీ పోగొట్టుకున్నవాళ్లకు మానం మిగిలే ఉంటుంది. ఈసారి బంగాళాఖాతంలో వాయుగుండం లేచి మా తీరం వైపు వస్తే, మీ బీరువాలో మిగిలిన జార్జెట్ చీరలు పంపకండి. కొత్త లుంగీలు, తువ్వాళ్లు, నూలు చీరలు, బొందు లంగాలు, ఆడవాళ్ల లోపలి బట్టలు, పట్టీ చెప్పులు, సూదీ దారం పంపండి. సైజులు రాసి, విడివిడిగా కట్టి పంపండి.