ఓరుగల్లు రాజు, మోటుపల్లి రేవు

వరంగల్‌కూ సముద్రానికీ మధ్య దూరం తక్కువేం కాదు. మోటుపల్లి దాకా లెక్కేస్తే రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. అంత దూరాన కోటలో కూర్చుని ఓడల గురించి ఒక రాజు వేయించిన శాసనం చూడాలని విజయవాడ మీదుగా పోయే రైలెక్కాను. చీరాలలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. చినగంజాం దగ్గర ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు, ఆపైన సరుగుడు తోటలు.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. ఇక్కడో మహారేవు ఉండేదంటే చూసినవాళ్ళెవరూ నమ్మరు. వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉంది గణపతిదేవుడి అభయ శాసనం, 1244 నాటిది. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల దగ్గర ఇకమీదట ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏమీ ముట్టుకోమని రాజు మాట. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, మిరియాలు, వక్కలు, దేనికెంతో కూడా చెక్కించాడు.

సముద్రపు దొంగలంటే మనకు సినిమాలో నల్లజెండా గుర్తొస్తుంది. ఈ శాసనం వేలు చూపించే దొంగలు సింహాసనాల మీదివాళ్ళు. ఇంగ్లండులోనూ అదే బాపతు. 1275లో అక్కడ చేసిన చట్టం ప్రకారం మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ ఓడ సొత్తును దిక్కులేనిదిగా జమకట్టకూడదు. పిల్లి పుణ్యాన సరుకు దక్కిందన్నమాట! మూడు వందల ఏళ్ళ తర్వాత అదే దేశం స్పెయిన్ ఓడలను దోచుకొచ్చిన డ్రేక్‌కు 1581లో నైట్ బిరుదిచ్చింది. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లీషు కంపెనీ తక్కెడతో వచ్చింది. 1759లో అక్కడి కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి ఫిరంగులతో గుంజుకుంది.

గణపతిదేవుడిది వట్టి దయ అని నేననుకోను. సైన్యానికి గుర్రాలు కావాలి, బెదిరిన వర్తకుడు మరో రేవు చూసుకుంటాడు. ఆ లెక్క ఫలించినట్టే ఉంది. ఆయన కూతురు రుద్రమ కాలపు ఈ రేవులోని వజ్రాలనూ సన్నబట్టలనూ మార్కోపోలో తెగ మెచ్చుకున్నాడు. రుద్రమను మాత్రం రాజుగారి భార్య అనుకున్నాడు పాపం. 1358లో కొండవీటి అనపోత రెడ్డి ఇదే ఊళ్ళో వర్తకులకు మళ్ళీ అభయం ఇచ్చాడు. ఇచ్చిన మాటే మళ్ళీ ఇవ్వాల్సి వచ్చిందంటే మధ్యలో ఏదో తేడా జరిగే ఉంటుంది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, తుపానుకి వేరే ఊరి పడవ కొట్టుకొస్తే ఎవరిది?"

"ఎవరిదేంటి బాబూ, ఆళ్ళదే. పడవ మీద నంబరుంటది, ఫోన్ చేత్తాం. వచ్చి తీసుకుపోతారు."

"ఊరికేనా?"

"ఒడ్డుకి లాగినందుకు ఖర్చులిత్తారులే."

ఎంతిస్తారో అడిగేలోపే ఆటో అబ్బాయి హారన్ మోగించాడు, చీరాలలో బండి తప్పిపోతుందని.