నాలుగు మెట్ల రాగం

చలి ముదిరింది. మా నాగారంలో రాత్రి తొమ్మిదింటికల్లా వీధి సద్దుమణుగుతోంది. తలుపు దగ్గరగా వేసి ఇటొచ్చి కూర్చోండి, మొన్నటి సంగతి చెబుతాను.

మా ఇంటికొచ్చిన మొదటి టీవీ, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఈసీఐఎల్‌లో తయారైన ఈసీ టీవీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడుతుంటే చూసింది మొదట అందులోనే. మొన్న ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి దొరికితే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను.

1930లో శంకరగుప్తంలో పుట్టడం, పొత్తిళ్లలోనే తల్లిని పోగొట్టుకోవడం, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం, ఎనిమిదో ఏట బెజవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ... ఇవన్నీ మీకు తెలిసినవే. పద్మవిభూషణ్ దగ్గరా ఆగను. నన్ను పట్టుకున్నది ఆయన కట్టిన లవంగి రాగం.

రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పెద్దల మాట. ఆయన నాలుగింటితో లవంగి కట్టారు. మూడింటితో కూడా రాగాలు కట్టారు. వీటి మీద పెద్ద వివాదమే రేగింది. వీణ బాలచందర్‌గారు గట్టిగా ఎదిరించారు. శాస్త్రం తెలిసినవాళ్ల అభ్యంతరాన్ని తీసిపారేయను. కానీ రాగమా కాదా అన్నది చివరికి చెవి తేల్చాలి.

మనవరాలు కీబోర్డు తెచ్చుకుంది. లవంగి స్వరాలు స, రి, మ, ధ. స కాక మిగతా మూడూ శుద్ధస్వరాలే. సా తెల్ల మెట్టు, రి దాని పక్క నల్లది, మా తెల్లది, ధా మళ్లీ నల్లది.

"ఇంతేనా తాతా?"

"ఇంతే."

పైకీ కిందికీ రెండుసార్లు వాయించింది. మూడోసారి దిగుతూ రి మీద ఆగిపోయింది. సా దాకా రాలేదు. వేలు తీయబుద్ధి కాలేదట!

అప్పుడు ఆయన సొంత కృతి 'ఓంకారాకారిణి' పెట్టాను. ఆ గొంతులో అదే రి ఊగుతుంది, ఒదుగుతుంది. మెట్టుకు ఆ ఊపు రాదు. పిల్ల కీబోర్డు పక్కన పెట్టేసి కళ్లు మూసుకుని విన్నది.

ఇలాంటి డాక్యుమెంటరీల్లో పాటను సగంలో కోసి, ఎవరో ఒకరిచేత పొగిడిస్తుంటారు. నాకది నచ్చదు. ఆ మనిషి బతుకంతా ఆ పాటలోనే ఉంది కదా, పూర్తిగా విననివ్వాలి.

ఆయన 2016 నవంబర్ 22న వెళ్లిపోయారు. మీ ఇంట్లో కీబోర్డో, హార్మోనియమో ఉంటే ఈ రాత్రే ఆ నాలుగు మెట్లూ నొక్కి చూడండి. తర్వాత ఆయన గొంతులో వినండి.