ఫ్యాను వేస్తే గోల, ఆపితే ఉక్క

ఏమప్పా, పలకరించకుండానే పోతున్నారు? కాసేపు ఈ గోడ కాడ నిలబడండి. నా చెవుల మీదున్న ఈ డిప్పల సంగతి అడగాలని మీకూ ఉందని నాకు తెలుసు. మా వీధిలో అడగనివాళ్లు మీరొక్కరే మిగిలినారు. పాలాయన అడిగినాడు. మీటరు చూడ్డానికొచ్చిన పిల్లోడు అడిగినాడు. ఎదురింటి పెద్దమ్మయితే అడగను కూడా అడగలేదు, నేరుగా జాలిపడింది: "ఏం నాయనా, చెవుల్లో చీము పట్టిందా?"

చీము కాదు పెద్దమ్మా, పాట పట్టింది!

ఇవి ఇంట్లో కూర్చుని వినే హెడ్‌ఫోన్లు. ఓపెన్ బ్యాక్ రకం. వెనకాల మూత ఉండదు, సన్నటి ఇనుప వల ఒక్కటే. లోపలుండే పల్చటి పొర ముందుకూ వెనక్కూ ఊగుతుంది కదా, ముందుకు పుట్టిన శబ్దం చెవిలోకి పోతుంది. మరి వెనక పుట్టినదో? మూత ఉంటే దానికి కొట్టుకుని తిరిగొచ్చి, ముందు పోయినదాన్ని కెలుకుతుంది. ఇక్కడ మూతే లేదు. అది దాని దోవన బయటికి పోతుంది. అందుకే పాట తలకాయలో ఇరుక్కోదు. కాస్త ఎడంగా, నాలుగు పక్కలా చోటున్నట్టు వినిపిస్తుంది.

గాలాడితే ఎంత సుఖమో దువ్వూరోళ్లకు నేను చెప్పాలా? ఎండాకాలం వస్తే మన మంచాలన్నీ మిద్దె మీదికి ఎక్కుతాయి. వీధి తలుపు రాత్రి పడుకోబోయే ముందు తప్ప వెయ్యం. అట్లాంటి ఊళ్లో ఉండి చెవులకు మాత్రం గడియ పెట్టుకుని కూర్చోమంటే ఎట్ల?

మా తమ్ముడు ఉన్నాడు, బెంగళూరులో ఉద్యోగం. వాడివి బయటి చప్పుడును మింగేసే రకం. పండక్కొచ్చినా తియ్యడు. సంగటి వడ్డించినామని మూడు సార్లు పిలిస్తే నాలుగోసారి భుజం తట్టాలి. పిలిచేది ఎవరు? కన్నతల్లి! నావి అట్ల కాదు. పాట పాడుతూనే ఉంటుంది, వంటింట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్కా తప్పదు. పాటలోనూ ఉంటాను, ఇంట్లోనూ ఉంటాను. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

అయితే రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. నేను విన్నది ఇల్లంతా వింటుంది. మా ఇంటామె పక్క గదిలో బియ్యం ఏరుకుంటూనే కేకేస్తుంది: "ఆ చరణం నాలుగోసారి పెట్టినావు. ఏముండాదబ్బా దాంట్లో అంత?" ఏముందో చెబుదామని పిలిస్తే మాత్రం రాదు. రహస్యంగా వినాలనుకునేవాళ్లకు ఈ సరుకు పనికిరాదు. ప్రొద్దుటూరు బస్సెక్కి పెట్టుకోవాలన్న ఆలోచన అసలే వద్దు. ఇంజను మోతలో మీకు పాట వినపడదు, పక్క సీటాయనకు మాత్రం కొసరు కొసరుగా అందుతుంది. ఆయన ఊరుకుంటాడా? "సౌండు పెంచు నాయనా" అంటాడు.

ఇక అసలు గొడవకొస్తాను. ఉక్క.

చెవి చుట్టూ కూర్చునే ఈ మెత్తలు వెల్వెట్టువి. రెగ్జిను మెత్తల కంటే వెయ్యి రెట్లు నయం, బంకగా అతుక్కోవు, చెమట బొట్లు మెడ మీదికి జారవు. అయినా వెల్వెట్టు వెల్వెట్టే. చలి దేశాల్లో అది ముద్దుగా ఉంటుందేమో. మన మే నెలలో 43, 44 డిగ్రీల పూట చెవికి వెల్వెట్టు తొడిగి చూడండి. సరే, ఫ్యాను వేద్దాం. ఐదులో పెడితే చెవులు చల్లబడతాయి, పాట గల్లంతు. వెనక మూత లేదని చెప్పినాను కదా, రెక్కల హోరంతా నేరుగా లోపలికే. రెండుకు తగ్గిస్తే పాట తేలుతుంది, నుదురు తడుస్తుంది. పూర్తిగా ఆపేస్తే వీణ తీగ మీద గోరు రాసుకున్న చప్పుడు కూడా వినపడుతుంది, బనీను పిండితే చెంబెడు నీళ్లు. మూడో నంబరు కాడ నాకూ ఫ్యానుకూ రాజీ కుదిరింది. కూలరు సంగతి ఎత్తకండి. కూలరూ ఈ హెడ్‌ఫోనూ ఒకే గదిలో కాపురం చెయ్యవు.

మరి కరెంటు పోతే?

చెబుతాను, బయట అనకండి. కరెంటు పోగానే వీధంతా "అబ్బా" అంటుంది. నేనూ అంటాను, మర్యాద కోసం. లోపల మాత్రం పండగ. ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, ఎదురింటి సీరియలు, పక్కింటి మిక్సీ, నీళ్ల మోటార్లు అన్నీ ఒక్క దెబ్బకు నోరు మూస్తాయి. నా ఫోనుకు బ్యాటరీ ఉంది, దానికి తగిలించిన, శబ్దానికి బలమిచ్చే చిటికెడు ఆంపు పెట్టెకూ కరెంటు దాంట్లోంచే. చెమట పడితే పట్టనీ. కర్నూలు రోడ్డు మీద ఏ లారీయో పోతే తప్ప ఆ కాసేపూ ఊరంతా నాకోసం నిశ్శబ్దంగా ఉన్నట్టే. ఇన్వర్టరు పెట్టించుకున్నోళ్లకు ఈ భాగ్యం లేదు, పాపం.

డిసెంబరు, జనవరి అయితే ఏ బాధా లేదు. ఫ్యానే అక్కర్లేదు. చెవులకు వెచ్చదనం అదనపు లాభం. సంవత్సరంలో ఆ రెండు నెలలకే ఈ వస్తువు కొన్నా డబ్బులు గిట్టుబాటు అంటాను. మా ఇంటామె ఒప్పుకోదనుకోండి.

ఒక చిన్న చిక్కుంది. బల్లి. పాట మంచి పట్టులో ఉన్నప్పుడు కుడి పక్కన "టిక్ టిక్" మంటుంది. అది పాటలో ఉందా, గోడ మీదుందా? వెనక్కి జరిపి మళ్లీ వినాలి. మళ్లీ వచ్చిందంటే వాయిద్యం, రాలేదంటే బల్లి. దోమ విషయంలో ఈ పరీక్షకు వ్యవధి ఉండదు, ఫలితం ముందే తెలిసిపోతుంది.

కంపెనీల పేర్లు అడుగుతారా? నాది ఏదో చెప్పను. చెబితే మీరు దాన్నే కొని, నచ్చకపోతే నన్ను తిడతారు. పేరున్నవి మాత్రం చెబుతాను. ఈ రకానికి పెద్దన్న సెన్‌హైజర్ హెచ్‌డీ 414. 1968లో జర్మనీలో వచ్చింది. చెవికి పచ్చటి స్పాంజి బిళ్లలు. మన దువ్వూరు, మైదుకూరు పొలాల్లో పండే పసుపు రంగే, ఫోటోలో చూస్తే మీరూ ఒప్పుకుంటారు. 1997లో హెచ్‌డీ 600 వచ్చింది, ఇప్పటికీ చేస్తున్నారు, ఇప్పటికీ కొంటున్నారు. ఏటా ఫోను మార్చే ఈ రోజుల్లో, దాదాపు ముప్పై ఏళ్ల కిందటి వస్తువును కొత్తగా కొనుక్కుని మురిసిపోయే జనం ఉన్నారంటే నాకు ముచ్చటేస్తుంది. దానికి మొదట్లో నీలంగా, పాలరాతి చారలు వేసినారు. ఆ రంగు ఎంచినాయన మన కడప బండ చూడలేదు గానీ, ఒక్కసారి జమ్మలమడుగు పక్కకొచ్చి ఉంటే ఆ చారలు మానుకుని నల్లబండ రంగే వేసి ఉండును.

అమెరికాలో, న్యూయార్కు బ్రూక్లిన్‌లో గ్రాడో అని ఒక కుటుంబం ఉంది. 1953 నుంచీ పాట వినే సామాన్ల మీదే వాళ్ల బతుకు. వాళ్ల హెడ్‌ఫోన్లు చాలావాటికి స్పాంజి మెత్తలే. కాస్త గరుకు. కొందరికి దురద, కొందరికి ప్రాణం.

స్పాంజి అంటే గుర్తొచ్చింది. కువైట్ నుంచి వచ్చే పెట్టెలు! మన కడప జిల్లాలో కువైట్ పెట్టె చూడని ఊరుందా? సెంటు సీసా, టార్చి లైటు, టూ ఇన్ వన్, వాటి మధ్య ఒక వాక్‌మన్. సోనీవాళ్లు 1979లో తెచ్చిన ఆ వాక్‌మన్‌తోపాటు సన్నటి కమ్మీకి రెండు స్పాంజి బిళ్లలు వచ్చేవి కదా, అవీ తెరిచిన రకమే. చెవి మీద ఉన్నట్టే తెలియదు. ఆరు బయట మంచం మీద చినాయన దాన్ని పెట్టుకుని వింటుంటే, చుట్టూ కూర్చున్న పిల్లలందరికీ "ఇస్ ఇస్" మని పాట తాలూకు తాలింపు మాత్రం వినిపించేది. పాట ఏదో మేము పందెం కట్టి చెప్పేవాళ్లం. కాబట్టి ఈ ఓపెన్ బ్యాక్ కొత్తగా బెంగళూరు నుంచి దిగిన వింతేం కాదు. మన మంచాల మీద ఎప్పుడో పడుకుని లేచింది.

సుఖం సంగతి ఇంకా చెప్పలేదు కదూ. బరువు చూడండి. హెచ్‌డీ 600 సుమారు 260 గ్రాములు. హైఫైమన్ సుందర అని ఇంకోటి ఉంది, అది 370 గ్రాముల దాకా. వంద గ్రాములే కదా తేడా అంటారు. పది నిమిషాలకు తేడా లేదు, రెండు గంటలకు నడినెత్తి చెబుతుంది. పైగా కొత్తవి చాలావరకు కణతలు నొక్కుతాయి. రాత్రి పూట లావుపాటి పుస్తకాల దొంతరకు తొడిగి పెడితే పట్టు సడలుతుంది. మా ఇంట్లో ఆ పని భారతం సంపుటాలు చేసినాయి. కళ్లద్దాలవాళ్లకు ఇంకో బాధ. అద్దాల కాడ మెత్త కింద నలిగి చెవి వెనక నొప్పి, మెత్తకూ బుగ్గకూ మధ్య సందు పడి బేస్ పల్చబడటం. ఈ రకానికి బేస్ ముందే తక్కువ. డప్పు గుండెకు తగలాలంటే ఇవి కావు, దసరాకు ప్రొద్దుటూరు పోండి.

ఆడవాళ్ల కష్టం ఈ కంపెనీలవాళ్లు తలచుకున్న జాడే లేదు. కమ్మలు! మా అక్క ఒకసారి పెట్టుకుంది. జూకాలు తీసి కొంగున కట్టుకుని, దిద్దుల మరలు గుచ్చుకుంటున్నాయని అవీ తీసి, జడ ముడి పైకి జరిపి, అప్పటికి పాట సగమైంది. మిగతా సగం విని, "బాగుండాది గానీ ఇంత బంగారం తీసి వినాల్సిన పాట కాదు" అని తేల్చింది. లోతైన చెవి గూడు ఉన్నవైతే దిద్దులతోనే కూర్చోవచ్చు. కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ల చెవులకు కొలిచి కొనండి.

తల నూనె కూడా చూసుకోవాలి. వెల్వెట్టు కొబ్బరినూనెను తాగుతుంది. తాగి గట్టిపడుతుంది. మెత్తలు ఊడదీసి సబ్బు నీళ్లలో మెల్లగా ఉతికి నీడన ఆరేస్తాను. దండెం మీద రెండు నల్లటి వడలు వేలాడుతుంటే పెద్దమ్మ మళ్లీ జాలిపడింది.

ఇంతా ఎందుకు పడతావు అంటారా? సరే, ఒక్క సినిమా పాటలు చెబుతాను. మల్లీశ్వరి, 1951. తీసింది ఎవరు? మన పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు. సంగీతం సాలూరు రాజేశ్వరరావు గారిది. అప్పటి రికార్డింగు మోనో, అంటే కుడీ ఎడమా తేడా లేదు. భానుమతి గారు, ఘంటసాల గారు, వాద్యాలు అందరూ ఒకే గీత మీద, సరిగ్గా మన నుదుటి నడుమ నిలబడతారు. ఇరుకనిపించాలి కదా? నాకు అనిపించదు. ఘంటసాల గారు పల్లవి ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి వినపడుతుంది. చిన్నప్పటి నుంచి రేడియోలో ఎన్నిసార్లు విన్నానో, ఆ ఊపిరి అప్పుడు నాకు అందలేదు.

ఇంకొకటి. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో కూర్చుని శివతాండవం రాసినారు కదా. ఆయన గొంతుతోనే చదివిన రికార్డింగు వెతికి పెట్టుకోండి. ధ్వని పాతది, వెనక గరగర ఉంది. ఖరీదైన హెడ్‌ఫోను ఆ గరగరనూ దాచదు. కానీ ఒత్తులు! ఒక్కో ఒత్తక్షరం పెదవుల మీద విరిగి పడటం తెలుస్తుంది. తాళం మెదడుకు కాకుండా మోకాళ్లకు అందుతుంది. నాకైతే వాద్యాలు లేని ఒంటి గొంతుకే ఈ హెడ్‌ఫోను పుట్టిందనిపిస్తుంది. మా తమ్ముడు కాదంటాడు. గీతాంజలిలో ఇళయరాజా గారి వయొలిన్లు కుడి నుంచి ఎడమకు పారేది వినకపోతే డబ్బు దండగ అంటాడు. వాడి చెవులు, వాడి జీతం.

జీతం అంటే గుర్తొచ్చింది. ప్రొద్దుటూరు అంగళ్లలో హారం మెడలో వేసుకుని అద్దంలో చూసుకోవచ్చు, కూల్‌డ్రింకు కూడా ఇస్తారు. హెడ్‌ఫోను తలకు పెట్టుకుని విని చూసుకునే అంగడి మాత్రం అక్కడ నా కంట పడలేదు. ఫోన్లో బొమ్మ చూసి, ఊరూపేరూ తెలియనివాళ్ల మాటలు నమ్మి తెప్పించుకోవడమే. ఇంకో కిటుకు. కొన్నింటికి బలం ఎక్కువ కావాలి. హెచ్‌డీ 600 నిరోధం 300 ఓములు, నేరుగా ఫోనుకు పెడితే నీరసంగా పాడుతుంది. 32 ఓములవాటికి చాలావరకు ఆ బెడద ఉండదు. మొదటిసారి కొనేవాళ్లు వాటితోనే మొదలుపెట్టండి, లేదంటే హెడ్‌ఫోను, ఆంపు, దానికి వైరు, ఆ వైరుకు ఇంకో వైరు... మీ ఇంటామె నా ఇంటికొస్తుంది.

వైరు మూడు మీటర్ల పొడవు ఉండేవి కూడా ఉన్నాయి. మంచం నుంచి వాకిలి దాకా పారుతుంది. అది కాళ్లకు తగులుకుని మనవాళ్లు తూలేటప్పుడు అనే మాటలు కూడా చక్కగా వినపడతాయి, మూత లేదు కదా.

ఏంది, గేటు తీస్తున్నారు? ఒకసారి పెట్టుకుని చూస్తారా! రండి రండి. ఆ కళ్లద్దాలు తీసి ఈ అరుగు మీద పెట్టండి. ఉండండి, ముందు తల చూపించండి... పొద్దున నూనె పెట్టినారా? సరే, రేపు తలస్నానం చేసి రండి. శనివారం సాయంత్రమైనా మంచిదే, కరెంటు పోతుందని ఇప్పుడే అంటున్నారు.