ఎలా వుందని అడిగితే

నాకొక దురలవాటు వుంది. ఎవరైనా ఏదైనా తినిపించి "ఎలా వుంది?" అని అడిగితే, ఎలా వుందో చెప్పేస్తాను. చుట్ట లేదు, పేకాట లేదు, ఈ ఒక్క వ్యసనమే నాకు మిగిలింది. దీని మూలాన మా వియ్యపురాలు మూడేళ్ళుగా అరిసెలు పంపడం మానేసింది. మా ఆవిడైతే ఆ ప్రశ్న అడగడం కాపురానికొచ్చిన కొత్తలోనే మానుకుంది. నా కంచం చూసి తనే తెలుసుకుంటుంది.

నిజం చెప్పేవాడి మీద లోకానికి ఎప్పుడూ కోపమేనని నన్ను నేను ఓదార్చుకుంటూ వచ్చాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా గోదావరిఖనిలో ఎగ్జిబిషను చూడబోయి, ఆ ఓదార్పు కాస్తా పోగొట్టుకుని ఇంటికి వచ్చాను. ఎలాగో మనవి చేస్తాను.

మా ఊరు తెలియనివారికి ముందు రెండు ముక్కలు. ఇది బొగ్గు పుట్టించిన ఊరు. సింగరేణి కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడిందని, ఏటా ఆ తేదీన మాకు సింగరేణి దినోత్సవం. గనిని మేము బాయి అంటాం. నేను ఒక బాయి ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్ఫయి ఒక్క సంవత్సరాలు మస్టరు రాసి రిటైరయ్యాను. మా ఊళ్ళో కాలాన్ని గడియారంతో కొలవరు, షిఫ్టులతో కొలుస్తారు. ఎగ్జిబిషనుకి వచ్చిన జనాన్ని చూసి ఏ ఇంటాయనకు ఏ షిఫ్టో చెప్పవచ్చు. తండ్రి భుజం మీద పిల్లవాడుంటే మొదటి షిఫ్టు చేసి వచ్చాడన్న మాట. తల్లి ఒక్కతే ఇద్దరిని చెరో చేత్తో లాక్కొస్తూంటే ఆయన రెండో షిఫ్టులో వున్నాడు. తండ్రి వచ్చి కూడా మాటిమాటికీ టైము చూసుకుంటూంటే, పాపం, ఆ రాత్రి నైటు షిఫ్టు!

మా అమ్మాయి పిల్లలు హైదరాబాదునుంచి వచ్చారు. మనవడికి పదకొండేళ్ళు, మనవరాలికి ఏడు. వాళ్ళు చూడని వినోదం లేదు. రామోజీ ఫిల్మ్ సిటీ చూశారు. రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా చూశారు. 1938లో మొదలై ఇప్పటికీ ఏటా జరుగుతున్న నాంపల్లి నుమాయిషు సరేసరి, అది వాళ్ళకి పక్కవీధి. అటువంటివాళ్ళకి మా ఊరి ఎగ్జిబిషను చూపించడమంటే, సముద్రం చూసినవాడికి చెరువు చూపించడమే. జెయింటు వీలు ఒకటి, ఊగే పడవ ఒకటి, ప్లాస్టికు సామాను దుకాణాలు ఓ నలభై, తిండి దుకాణాలు అంతకు కాస్త తక్కువ. ఇదీ సరంజామా.

మనవడు గేటు దగ్గరే జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు.

"తాతయ్యా, నువ్వు తిండి విషయంలో అబద్ధం చెప్పవట కదా? అమ్మ చెప్పింది. ఒక్కొక్కదానికీ పదికి మార్కులు వెయ్యి. నేను రాస్తాను."

ముప్ఫయి ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నాకెవరూ ఇవ్వని అధికారం ఇది. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా ఆవిడ మాత్రం "ఇగ అయినట్టే" అని కొంగు బిగించుకుంది.

మొదట పీచుమిఠాయి. దీన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకాయన పళ్ళ డాక్టరు అంటే మీరు నమ్మాలి. 1897లో అమెరికాలో విలియం మారిసన్ అనే దంతవైద్యుడు, జాన్ వార్టన్ అనే మిఠాయిలవాడితో కలిసి ఈ యంత్రం తయారుచేశాడు. 1904లో సెయింట్ లూయీ నగరపు ప్రపంచ ప్రదర్శనలో అమ్మి బాగా గడించారు. రోగాన్నీ వైద్యాన్నీ ఒకే చేత్తో పంచిపెట్టిన మహానుభావుడు! మనవరాలు గులాబీరంగుది కావాలంది. నేను తెల్లదే కొన్నాను. బట్టల అద్దకానికి వాడే రోడమిన్-బి అనే రంగు బయటపడిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో దీని అమ్మకాన్నే నిషేధించారు. ఆ మరుసటి నెలలోనే కర్ణాటక ప్రభుత్వం పీచుమిఠాయిలోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు కలపరాదంది. నోట్లో పెట్టుకుంటే మబ్బు, మింగబోతే ఏమీ లేదు. ఎన్నికల వాగ్దానంలా వుంది. 4 మార్కులు.

తరువాత ఢిల్లీ అప్పడం. చంద్రబింబమంత వుంటుంది, పైన కారం చల్లి ఇస్తాడు. దీన్ని పట్టుకుని ఆ జనంలో పది అడుగులు నడవడం ఒక సర్కసు. ఎవరి మోచెయ్యి తగిలినా సగం నేలపాలు. ఆ ఫెళఫెళ శబ్దంలోనే వుంది రుచంతా. ధర ఆకారానికి ఇస్తున్నాం గాని పదార్థానికి కాదు. 6 మార్కులు.

గోబీ మంచూరియా మనవడి కోరిక. ఈ వంటకానికి చైనాలోని మంచూరియాకీ ఏ సంబంధమూ లేదట. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు కోడిమాంసంతో మంచూరియా చేస్తే, శాకాహారులు కోడి బదులు గోబీ పువ్వు పెట్టుకున్నారు. ఇక్కడ గోబీ పువ్వు ఎక్కడుందా అని పిండిలోకి తవ్వుకుంటూ పోవలసి వచ్చింది. బొగ్గు తవ్వినవాళ్ళ ఊరు గనక ఓపిక పట్టి తవ్వాను. దొరికింది గాని నాణ్యమైన పొర కాదు. 3 మార్కులు.

మొక్కజొన్న రెండు రూపాల్లో కనబడింది. గింజలు ఉడికించి, వెన్న వేసి, కాగితపు కప్పులో చెంచాతో ఇచ్చేది ఒకటి. తియ్యగా, మెత్తగా, పళ్ళు లేనివాడి స్వర్గంలా వుంది. 5 మార్కులు. గేటు బయట ఒక ముసలమ్మ బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చే మక్క కంకి రెండవది. "ఈ బొగ్గులు మీ బాయిలోవేనా?" అంది మనవరాలు. కాదమ్మా, ఇవి కట్టె బొగ్గులు. మా బొగ్గు మీద కంకి కాలిస్తే ఆ వాసనకి కంకీ నువ్వూ ఇద్దరూ పారిపోతారు. ఒకప్పుడు మా క్వార్టర్లలో వంటంతా బొగ్గు పొయ్యిల మీదే. పొద్దున్నే కాలనీ మీద పొగ దుప్పటిలా పరుచుకునేది. కంకికి 8 మార్కులు.

శనగ గుడాలకి 9 వేశాను. ఉడికించిన శనగలు, తాలింపు, పచ్చి ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, కాగితం పొట్లం. ఇంతే. దాచడానికి ఏమీ లేని తిండి. మనవడు "ఇది స్నాకే కాదు" అన్నాడు. వాడికి వయస్సు రావాలి.

ఇక మిగిలింది మిరపకాయ బజ్జీ. మిరపకాయ మనది కాదనీ, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికా నుంచి వచ్చిందనీ పుస్తకాలు చెబుతాయి. అయితే దాని కడుపు చీల్చి, వామూ చింతపండూ కూరి, శనగపిండిలో ముంచి వేయించిన తరువాత అది మనది కాదనడానికి ఎవరికి ధైర్యం? ఒక వరసలో మూడు బజ్జీ బండ్లు వున్నాయి. మధ్యదాని దగ్గర ఒక నడివయస్సు ఆమె వేయిస్తూంటే, పదిహేనేళ్ళ కుర్రవాడు ప్లేట్లు అందిస్తున్నాడు. ముందు నలుగురు నిలబడి వున్నారు. మాకు ప్లేటు వచ్చింది. కొరికాను.

"ఎట్లున్నది సార్?" అందామె, చెమట తుడుచుకుంటూ.

అడిగింది కదా! "మిరపకాయ మంచిదే, పిండీ మంచిదే. నూనె నిన్నటిది. 2 మార్కులకు మించి వెయ్యలేను" అన్నాను.

తెల్లవారుజామున మస్టరు గదిలో రెండు వందలమంది సందట్లో పేర్లు పిలిచిన గొంతు నాది. నెమ్మదిగా మాట్లాడటం ఏనాడో మరిచింది. నలుగురూ విన్నారు. ఇద్దరు పక్క బండికి జరిగారు. మూడో ఆయన జేబులోంచి తీసిన నోటు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నాలుగో ఆయన ఫోను మోగినట్లు నటించి వెళ్ళిపోయాడు. ఆమె నాతో ఒక్క మాట అనలేదు. వంగి మంట తగ్గించింది. కుర్రవాడు మాత్రం నా వంక చూశాడు. మనవడు పుస్తకంలో 2 అని రాసుకున్నాడు.

ఆటోలో ఇంటికి వస్తూ మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నేనే అందుకున్నాను. పదేపదే కాగిన నూనె ఆరోగ్యానికి చేటనీ, చెడిన పదార్థం నూటికి 25 పాళ్ళు మించితే ఆ నూనె వాడరాదని 2018 జూలై నుంచి దేశమంతటికీ నియమం వుందనీ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"నూనె మంచిగ లేదు. నేను గూడ తిన్న" అందావిడ. "నేనడిగేది ఇంకోటి. మీ సారు బిడ్డ పెండ్లిల పాయసం మాడింది, యాదికున్నదా?"

ఎందుకు లేదు? మాడువాసన పందిరి బయటికి కొట్టింది.

"సారు మీ బంతి దగ్గరికొచ్చి ఎట్లున్నదయా అని అడిగితె మీరేమన్నరు?"

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల దీపాలు మెరుస్తున్నాయి.

"అమృతమన్నరు. ఇంకో గిన్నె అడిగి మరీ ఏయించుకున్నరు."

"తాతయ్యా, పాయసానికి ఎన్ని మార్కులు?" అన్నాడు మనవడు, పుస్తకం తెరిచి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బజ్జీలు కారణమని చెప్పుకోవచ్చు గాని, ఇంత చెప్పాక ఇప్పుడు అబద్ధమెందుకు? లెక్కలు రాసినవాణ్ణి గనక లెక్క వేసుకున్నాను. జీవితంలో నేను నిర్భయంగా చెప్పిన నిజాలన్నీ ఎవరికి చెప్పాను? భార్యకి, వియ్యపురాలికి, హోటలు సర్వరుకి, బండి మీద బజ్జీలు వేసే ఆడమనిషికి. జీతంలో ఒక్క పైసా తగ్గించగలవాడికి చెప్పిన నిజం ఒక్కటైనా జ్ఞాపకం వస్తుందేమోనని తెల్లవారేదాకా వెతికాను. రాలేదు.

మర్నాడు సాయంత్రం జనం రాకముందే ఒక్కణ్ణీ వెళ్ళాను. కుర్రవాడు నన్ను చూసి తల్లి మోచెయ్యి తట్టాడు. మూకుడులో నూనె తేటగా, అడుగు కనబడుతూ వుంది.

"నిన్న మీరు పొయ్యినంక కొత్త డబ్బ ఇప్పిన సార్" అందామె. "పదిహేను కిలోల డబ్బ. పాత నూనె పారబోయ పానం ఒప్పలె. జాగకు కిరాయి, కరెంటుకు పైసలు, గ్యాసుకు పైసలు. అమ్మినా అమ్మకున్నా అవి కట్టుడే."

నేను క్షమించమని అడుగుదామని ఇంటి దగ్గర రెండు వాక్యాలు తయారుచేసుకుని వెళ్ళాను. అవి నోటి దాకా వచ్చి, "తప్పు నాదేనమ్మా, అంత గట్టిగా అనవలసింది కాదు" అని మాత్రం అయినాయి.

"నూనె మాట నిజమే గద సార్" అందామె. ఓదార్పుగా అనలేదు, కోపంగానూ అనలేదు. బజ్జీలు రెండు ప్లేటులో వేసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చింది. డబ్బులు లెక్కపెట్టి పుచ్చుకుంది.

ఇంతలో వెనుక జనం చేరారు. మొదటి షిఫ్టువాళ్ళు స్నానాలు చేసి, పిల్లలను భుజాలకెత్తుకుని వస్తున్నారు. కొరికాను. కరకరలాడింది. వామువాసన ముక్కుదాకా వచ్చింది. కాని...

"ఎట్లున్నది సార్?" అంది. ఈసారి ఆమె మొహం చూసి ఆ ప్రశ్న విన్నాను. వెనకటి జనమూ నా జవాబు కోసమే చూస్తున్నారు.

నేను బండి మీదికి వంగి, నాకే వినబడీ వినబడనట్లు, "పిండిలో ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఆమె వేలితో పిండి రుచి చూసింది. చిటికెడు ఉప్పు తీసి వేసి, గిరగిర కలిపి, వెనకవాళ్ళ వంక తిరిగి "ఎన్ని ప్లేట్లు అన్నా?" అంది. అంతే. ఆమెకు నాతో మాట్లాడే తీరిక లేదు. సంతోషించాను.

ఇంటికి వచ్చి మనవడి నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. బజ్జీ పక్కన 2 కొట్టేసి 7 వేశాను. ఉప్పు కూడా వుంటే 8 అయ్యేది, ఉన్నమాట ఉన్నట్లే చెప్పాలి. అట్టడుగున వాడే ఒక గీత గీసి, "పాయసం" అని రాసి, పక్కన ఖాళీ వదిలివుంచాడు. అక్కడ నా చేత్తో నేనే ఒక గుండు సున్న చుట్టాను. ఆ సున్న పాయసానికి కాదని వాడికి చెప్పలేదు. మా ఆవిడ చూసింది గాని ఏమీ అనలేదు. ఆ రాత్రి చారు వడ్డించి, ఎన్నేళ్ళకో, "ఎట్లున్నది?" అని అడిగింది.